చికిత్స చేసే సైకాలజిస్టు కోర్టుకు ఎందుకు తీర్పు రాసివ్వరు?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ముందు క్లుప్తంగా చెప్పి, తర్వాత జవాబులోకి వస్తాను. మీ విడాకుల కేసు ఫ్యామిలీ కోర్టులో నడుస్తోంది. ఆరేళ్ల పాప ఎవరి దగ్గర ఉండాలన్నది ఇంకా తేలలేదు. మీరు రెండేళ్లుగా డిప్రెషన్‌కు ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గర చికిత్స తీసుకుంటున్నారు. అవతలి పక్షం ఆ చికిత్సనే మీ మీద ఆయుధంగా వాడబోతోందని తెలిసి, మీ లాయరు గారు ఆ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లి "ఈమె బిడ్డను పెంచడానికి అన్ని విధాలా తగినది" అని రాయించుకు రమ్మన్నారు. ఆవిడ రాయనన్నారు. "నా గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషే నా తరఫున నిలబడకపోతే, ఆసుపత్రిలో గానీ కోర్టులో గానీ సైకాలజిస్టుల పని ఇంకేమిటి?" అని మీరు అడిగారు.

ఇరవై రెండేళ్లుగా నేను ఈ పనిలోనే ఉన్నాను. మొదట మానసిక వైద్యశాలలో, తర్వాత జనరల్ ఆసుపత్రిలో పనిచేశాను. కోర్టులు, నేరారోపణ ఎదుర్కొనే మైనర్ల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డులు పంపినవారిని పరీక్షించి నివేదికలు రాశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీ సైకాలజిస్టు మిమ్మల్ని వదిలేయలేదు. ఆవిడ చేసింది సరైన పనే. అది మీకు నష్టం చేయదు సరికదా, రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో మీ కేసు కూలిపోకుండా కాపాడుతుంది. అయితే ఆవిడ ఇవ్వగలిగినది, ఇవ్వవలసినది మరొకటి ఉంది. దాన్ని మీరు అడగలేదు. ఎలా అడగాలో చివర చెబుతాను.

ముందుగా ఒక చిన్న స్పష్టత. సైకియాట్రిస్టు ఎం.బి.బి.ఎస్. తర్వాత మానసిక వైద్యంలో పై చదువు చదివిన డాక్టరు. మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు మనస్తత్వ శాస్త్రంలో చదువుకుని, ఆసుపత్రిలో రోగుల మధ్య శిక్షణ పొంది, 1992 చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో, అంటే ఆర్.సి.ఐ.లో, పేరు నమోదు చేయించుకున్న వ్యక్తి. మందులు రాయరు. పరీక్షలు చేస్తారు, మాటలతోనూ అభ్యాసాలతోనూ చికిత్స చేస్తారు. బోర్డు మీద "కౌన్సెలర్" అని రాసుకున్న ప్రతివారూ క్లినికల్ సైకాలజిస్టు కారు. ఆర్.సి.ఐ. నంబరు అడగడం అమర్యాద కాదు. కోర్టులో మొదట అడిగేదీ అదే.

ఇక ఆసుపత్రి సంగతి. మా దగ్గరికి వచ్చేవారిలో "నాకు దిగులుగా ఉంది" అంటూ వచ్చేవారు చాలా తక్కువ. "గుండె దడ", "ఒళ్లంతా మంటలు", "గ్యాస్ పైకి తన్నుతోంది", "నరాల వీక్‌నెస్" అంటూ వస్తారు. అప్పటికే ఈసీజీలు, ఎండోస్కోపీలు అయిపోయి, ఒక సంచి నిండా రిపోర్టులు ఉంటాయి. నరాల వీక్‌నెస్ అనే మాట వెనుక నిద్రలేమి ఉండవచ్చు, అప్పు ఉండవచ్చు, అత్తింట్లో ఎవరికీ చెప్పుకోలేని మాట ఉండవచ్చు. ఆ మాటను మా భాషలోకి మార్చే ముందు వచ్చినవారి భాషలోనే పూర్తిగా వినడం మా మొదటి పని. పుస్తకంలోని ప్రశ్నను తెలుగులోకి మార్చి "మీరు నిస్సహాయతకు లోనవుతున్నారా?" అని అడిగితే కరీంనగర్ నుంచి వచ్చిన పెద్దావిడ కళ్లప్పగించి చూస్తుంది. "ఇక నాతో ఏం కాదు అనిపిస్తోందా అమ్మా?" అంటే చాలు, ఆమె ఏడవడం మొదలుపెడుతుంది.

పరీక్షల విషయంలోనూ ఇదే చిక్కు. మతిమరుపు పరీక్షల్లో చాలా భాగం చదువు వచ్చినవారి కోసం తయారైనవి. బడి ముఖం చూడని రైతును కాగితం మీద పంచభుజి గీయమని చెప్పి, గీయలేదు కాబట్టి డిమెన్షియా అనడం అన్యాయం. ఈ విషయంలో హైదరాబాద్ నిమ్స్ వంటి చోట్ల తెలుగువారికి తగినట్టుగా పరీక్షలను మలచిన కృషి విలువైనది. రెండు భాషలు మాట్లాడేవారికి, ఒక్క భాషే వచ్చినవారితో పోలిస్తే, డిమెన్షియా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలవుతున్నట్టు 648 మంది రోగుల వివరాలతో 2013లో వెలువడిన అధ్యయనం కూడా అక్కడిదే. ఆ తేడా చదువు రానివారిలోనూ కనిపించింది. పక్షవాతం వచ్చిన మనిషి సంతకానికి అర్థం తెలుసుకునే పెడుతున్నాడా, తలకు దెబ్బ తగిలిన డ్రైవరు మళ్లీ స్టీరింగు పట్టవచ్చా అన్న ప్రశ్నలకు జవాబు వెతకడంలో ఇలాంటి పరీక్షలే ఆధారం.

మెడికల్ వార్డులో మా పని గురించి మరికొంచెం చెప్పాలి. పురుగుల మందు తాగి వచ్చిన కుర్రవాడి చుట్టూ బంధువులు నిలబడి "దగ్గు మందు అనుకుని పొరపాటున తాగాడు" అని ఒకే మాటగా చెబుతుంటారు. అందరి కళ్లలోనూ పోలీసు కేసు భయం. ఆసుపత్రి మెడికో లీగల్ కేసుగా నమోదు చేసి పోలీసులకు తెలియజేస్తుంది, నిజమే. కానీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, అందుకు అతన్ని శిక్షించరాదని చెబుతోంది. పాత ఐ.పి.సి. స్థానంలో 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని శిక్షించే పాత 309వ సెక్షన్ వంటి సాధారణ నేరమే లేదు. ప్రభుత్వోద్యోగిని బెదిరించి పని చేయించడానికో, అడ్డుకోవడానికో చేసిన ప్రయత్నం మాత్రమే నేరంగా మిగిలింది. ఈ మాట తల్లిదండ్రులకు నెమ్మదిగా చెప్పాక "దగ్గు మందు" కథ ఆగిపోతుంది, అసలు జరిగింది బయటికి వస్తుంది. అది తెలియకుండా కుర్రవాణ్ని ఇంటికి పంపడం చాలా ప్రమాదం. ఇంటికి వెళ్లాక రాత్రివేళ ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే చేయమని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416ను కాగితం మీద రాసి ఇస్తాం, తెలుగులోనూ మాట్లాడతారు.

అంటే చట్టం మా దగ్గరికి రావడానికి కోర్టు దాకా వెళ్లనక్కరలేదు, వార్డులోకే వస్తుంది. తన చికిత్స గురించి తాను నిర్ణయించుకోలేని స్థితిలో ఉన్న మనిషిని, అతని ప్రతినిధి దరఖాస్తు మీద చేర్చుకోవాలంటే, అదే 2017 చట్టం 89వ సెక్షన్ ప్రకారం ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి. ఒకరు సైకియాట్రిస్టు. రెండోవారు మానసిక ఆరోగ్య నిపుణులు గానీ, మరో డాక్టరు గానీ కావచ్చు. రాష్ట్ర మానసిక ఆరోగ్య సంస్థలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు ఆ రెండోవారు కాగలరు. ఇలా చేర్చుకున్న గడువు 30 రోజులకు మించదు. ఆ తర్వాత కూడా ఉంచాలంటే మరో కఠినమైన పద్ధతి ఉంది. "విడివిడిగా" అన్న మాటను నేను చాలా గౌరవిస్తాను. పెద్ద డాక్టరు ముందే రాశారు కదా అని కింద సంతకం పెట్టడం పరీక్ష కాదు. ఆస్తి తగాదాలో అన్నను పిచ్చివాడిగా చూపించి లోపల పెట్టించాలని వచ్చిన తమ్ముళ్లను నా సర్వీసులో చూశాను.

వైకల్య ధ్రువపత్రాలు ఇచ్చే సదరం క్యాంపులది మరో రకం బాధ్యత. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లవాడి సాంఘిక పరిణతిని కొలిచే వైన్‌లాండ్ స్కేలుకు మన దేశంలో వాడే రూపంలో 89 అంశాలు ఉంటాయి; వాటికి జవాబు ఎక్కువగా తల్లే చెప్పాలి. "బాబు తన అన్నం తానే తింటాడా?" అంటే ఆ తల్లి ఒక్క క్షణం ఆగుతుంది. తింటాడంటే పెన్షన్ పోతుందేమోనని భయం, తినడంటే బిడ్డను తక్కువ చేసినట్టవుతుందని బాధ. ఆ ఒక్క క్షణాన్ని చదవడం స్కేలులో రాసి ఉండదు. 40 శాతం వైకల్యం అనే గీతకు అటో ఇటో తేలే ఆ సంఖ్య మీద కుటుంబం బతుకు ఆధారపడి ఉన్నప్పుడు, క్యాంపు బయట రెండు వందల మంది క్యూలో ఉన్నా సరే, ఆ పరీక్షకు ఇవ్వవలసిన సమయం ఇవ్వాలని గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు మీ ప్రశ్నకు నేరుగా సంబంధించిన విషయానికి వస్తాను. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట నేనూ మీ లాయరు గారు అడిగినటువంటి ఉత్తరమే రాశాను. నా దగ్గర ఆందోళనకు చికిత్స పొందుతున్న ఒక తండ్రి, చాలా మంచి మనిషి, కొడుకు కస్టడీ కోసం అడిగాడు. "ఇతను బాధ్యత గల తండ్రి, బిడ్డ ఇతని వద్ద క్షేమంగా ఉంటాడు" అని రాసిచ్చాను. కొన్ని నెలలకు సమన్లు వచ్చాయి. సాక్షి బోనులో నిలబడ్డాను. అవతలి లాయరు గొంతు పెంచలేదు. మూడే ప్రశ్నలు అడిగారు. "మీరు ఆ బాబును ఎప్పుడైనా చూశారా?" లేదు. "తల్లిని?" లేదు. "ఇతను తన గురించి మీకు చెప్పినదాన్ని మరెవరినైనా అడిగి సరిచూసుకున్నారా?" లేదు. నా ఉత్తరం అక్కడితో పనికిరాకుండా పోయింది. అంతటితో ఆగలేదు, చికిత్స గురించిన నోట్సు అడిగారు, అతను నాతో ఒంటరిగా చెప్పుకున్న మాటలు హాలులో అందరి ముందూ చదివారు. ఆ తర్వాత అతను నా దగ్గరికి చికిత్సకు రాలేదు. కేసు సంగతి ఎలా ఉన్నా, రోగికి నేను చేసిన హాని అది.

ఇందులో లోపం ఎక్కడుందో చూడండి. చికిత్సలో మీరు చెప్పేదాన్ని సైకాలజిస్టు నమ్మి మొదలుపెడతారు. మీ బాధ నిజమా అబద్ధమా అని దర్యాప్తు చేయరు. చేస్తే చికిత్సే సాగదు. కోర్టు కోసం చేసే పరీక్షలో మాత్రం ప్రతి మాటనూ మరో ఆధారంతో పోల్చాలి, ఇద్దరు తల్లిదండ్రులనూ చూడాలి, బిడ్డను ఇద్దరితోనూ కలిపి చూడాలి, బడిలో టీచరును అడగాలి. అక్కడ సైకాలజిస్టు బాధ్యత మీ పట్ల కాదు, కోర్టు పట్ల. అందుకే ఆ పరీక్షలో మేము మొదట చెప్పే మాట: "మీరు ఇక్కడ చెప్పేది రహస్యంగా ఉండదు, జడ్జిగారికి రాస్తాను." చికిత్సలో చెప్పే మొదటి మాట దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఒకే నోటితో ఒకే మనిషికి ఈ రెండు మాటలూ చెప్పడం ఎలా కుదురుతుంది? పైగా లాయరుతో మీరు మాట్లాడిన మాటలకు సాక్ష్య చట్టంలో ఉన్న ప్రత్యేక రక్షణ సైకాలజిస్టుతో మాట్లాడిన మాటలకు లేదు. 2017 చట్టం 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా ఇచ్చినా, కోర్టు ఆదేశిస్తే మేము నోరు విప్పవలసిందే. మీ తరఫు సాక్షిగా బోనెక్కిన రోజున మీ ఫైలంతా తెరుచుకుంటుందని మీ సైకాలజిస్టుకు తెలుసు.

కోర్టుల్లో మిగిలిన పనులు కూడా చికిత్సకూ కోర్టు పరీక్షకూ మధ్య ఉన్న ఈ హద్దును ఆధారం చేసుకునే నడుస్తాయి. పదహారు నిండి పద్దెనిమిది నిండని పిల్లవాడి మీద ఘోర నేరం ఆరోపణ వస్తే, 2015 జువైనల్ జస్టిస్ చట్టం 15వ సెక్షన్ కింద బోర్డు ప్రాథమిక మదింపు చేస్తుంది. ఆ నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలను గ్రహించే శక్తి, నేరం జరిగిన పరిస్థితులు, ఇవీ చూడవలసినవి. బోర్డు సైకాలజిస్టుల సహాయం "తీసుకోవచ్చు" అని చట్టంలో ఉంది. బోర్డులో చైల్డ్ సైకాలజీ లేదా చైల్డ్ సైకియాట్రీ డిగ్రీతో ప్రాక్టీసు చేస్తున్నవారు లేనప్పుడు ఆ "వచ్చు"ను "తీరాలి"గా చదవాలని 2022 జూలై 13న సుప్రీంకోర్టు చెప్పింది. నేను ఈ నివేదికల కోసం, విచారణలో ఉన్న పిల్లలను ఉంచే అబ్జర్వేషన్ హోమ్‌కు వెళ్లినప్పుడు "నువ్వు ఆ పని చేశావా?" అని అడగను. ఆ మదింపు విచారణ కాదని చట్టమే చెబుతోంది. ఒకసారి పదిహేడేళ్ల అబ్బాయి, పదో తరగతి దాకా చదివానన్నవాడు, నేనిచ్చిన నాలుగు లైన్ల కథను చదవలేక పుస్తకాన్ని తిప్పి తిప్పి చూశాడు. పోలీసు కాగితాల కింద ఉన్న అతని సంతకం గుర్తొచ్చి ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఐ.క్యూ. సంఖ్య ఒక్కటి రాసి "పర్యవసానాలు గ్రహించగలడు" అని ముగించే ఒక పేజీ నివేదికలు చాలా చూశాను. ఒక బిడ్డను పెద్దవాడిగా విచారించాలా వద్దా అన్నది తేల్చే కాగితానికి అది చాలదు.

పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం కింద వచ్చే కేసుల్లో మా పని బిడ్డతో మాట్లాడగలిగే పరిస్థితిని కల్పించడం, ఆ తర్వాత ఆ బిడ్డ మళ్లీ నిద్రపోగలిగేలా చూడటం. నిపుణుల సహాయానికి 39వ సెక్షన్ చోటిచ్చింది. హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం వంటి చోట్ల పోలీసు, వైద్యం, న్యాయం, కౌన్సెలింగ్ ఒకే కప్పు కింద ఉండటం వల్ల పిల్లలు ఒకే కథను పదిమందికి చెప్పవలసిన బాధ తగ్గింది. ఇక్కడ కూడా చికిత్స చేసేవారు బిడ్డకు జవాబులు నేర్పినట్టు కనిపించినా కేసు పోతుంది.

నిందితుడి మతిస్థిమితం విషయంలో జనం సాధారణంగా రెండు ప్రశ్నలను కలిపేస్తారు. నేరం చేసిన క్షణంలో ఏం చేస్తున్నాడో తెలుసుకోలేని స్థితిలో ఉన్నాడా అన్నది న్యాయ సంహిత 22వ సెక్షన్ ప్రశ్న. ఇప్పుడు విచారణను అర్థం చేసుకుని తన తరఫున వాదించుకోగలడా అన్నది వేరు. దానికి నేర విచారణ పద్ధతిని చెప్పే నాగరిక్ సురక్షా సంహితలో 367, 368 సెక్షన్లు ఉన్నాయి. ఈ రెండో దశలో ప్రభుత్వ ఆసుపత్రిలోని సైకియాట్రిస్టుకు గానీ క్లినికల్ సైకాలజిస్టుకు గానీ పంపాలని చట్టంలోనే ఉంది. పాలిగ్రాఫ్, నార్కో పరీక్షల గురించి అడిగేవారికి ఒక్క మాట: అవి మనిషి ఒప్పుకోకుండా చేయడానికి వీల్లేదని సెల్వి కేసులో 2010 మే 5నే సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక మీ భయం. డిప్రెషన్ ఉందన్న కారణంగా బిడ్డను తీసుకుపోతారా? జబ్బు పేరు ఒక్కటే సరిపోదు. 2017 చట్టం 3వ సెక్షన్ రెండు మాటలు స్పష్టంగా చెబుతోంది: గతంలో చికిత్స తీసుకున్నారన్న ఒక్క కారణంతో ఇప్పుడు మానసిక వ్యాధి ఉందని తేల్చడానికి వీల్లేదు, వ్యాధి ఉందని తేలినా, కోర్టు ప్రకటిస్తే తప్ప, మతిస్థిమితం లేనట్టు కాదు. ఆసుపత్రిలో చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదని 21వ సెక్షన్ చెబుతోంది. మీ పాప ఆ వయసు దాటినా, చట్టం తల్లి జబ్బును ఏ కంటితో చూస్తోందో దాన్ని బట్టి తెలుస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక కేసులో, భార్యాభర్తలిద్దరూ డాక్టర్లు. భార్యకు స్కిజోఫ్రీనియా అన్న ఆరోపణతో భర్త విడాకులు అడిగితే, ఆమె చికిత్సకు బాగా స్పందించి లక్షణాలు అదుపులో ఉన్నాయన్న వైద్య నిపుణుల నివేదికను పరిగణించి 2013లో సుప్రీంకోర్టు విడాకులు నిరాకరించింది. కోర్టు అక్కడ చూసింది జబ్బు పేరును కాదు, జబ్బుతో ఆ మనిషి ఎలా బతుకుతోందన్న సంగతిని.

కాబట్టి ఇలా చేయండి. మీ సైకాలజిస్టును "తగిన తల్లి" అన్న అభిప్రాయం అడగకండి. చికిత్స సారాంశం అడగండి: ఏ తేదీన మొదలైంది, ఏ నిర్ధారణ, ఎన్నిసార్లు వచ్చారు, ఎలా స్పందించారు, ఇప్పటి స్థితి ఏమిటి. ఇవి ఆవిడ కళ్లారా చూసిన వాస్తవాలు. రాయడానికి ఇబ్బంది ఉండదు. 2017 చట్టం 25వ సెక్షన్ కింద మీ వైద్య రికార్డులు పొందే హక్కు కూడా మీకుంది. రెండో పనిగా, ఫ్యామిలీ కోర్టుల చట్టం 12వ సెక్షన్ కింద ఒక స్వతంత్ర నిపుణుడిని నియమించి తల్లి, తండ్రి, బిడ్డ ముగ్గురినీ పరీక్షింపజేయమని మీ లాయరు గారిచేత పిటిషన్ వేయించండి. మీరే అడిగారంటే, దాచుకోవడానికి మీ దగ్గర ఏమీ లేదని కోర్టుకు అర్థమవుతుంది. చికిత్స మాత్రం మానకండి. కేసు కోసం మందులు ఆపేసి వాయిదాకు నిద్ర లేని కళ్లతో వచ్చినవారిని చూశాను.

ఆఖరి విషయం పాప గురించి. కస్టడీ పరీక్షకు వచ్చిన ఒక ఆరేళ్ల అమ్మాయి కుర్చీలో కూర్చోగానే "నాన్న నన్ను మానసికంగా హింసిస్తాడు" అంది. "అంటే ఏమిటమ్మా?" అన్నాను. జవాబు కోసం తలుపు వైపు చూసింది. ఆ తలుపు అవతల అమ్మమ్మ ఉంది. ఆ అమ్మాయికి నిజంగా ఏ కష్టం ఉందో తెలుసుకోవడానికి నాకు ఆ తర్వాత మరో మూడు రోజులు పట్టింది. మీ పాపకు ఏమీ నేర్పకండి, వాళ్ల నాన్న గురించి అస్సలు నేర్పకండి. ఆ రోజున కడుపు నిండా తినిపించి, తనకిష్టమైన బొమ్మ ఏదైనా ఉంటే చేతికిచ్చి, "అడిగింది చెప్పు, తెలియకపోతే తెలియదని చెప్పు, నేను బయట ఇక్కడే కూర్చుంటాను" అని చెప్పి పంపండి.